అందరివీ అయ్యాక

చనిపోయిన అధ్యాపకులు కూడా పాఠాలు చెప్పే రోజులవి. సోమయాజులు గారి గొంతూ, బుద్ధీ విశ్వవిద్యాలయం కంప్యూటర్లలో భద్రంగా ఉన్నాయి. రోజూ పదింటికి ఆయన రసాయనశాస్త్రం చెబుతుంటే, ఆయన భార్య హైమవతి వంటింట్లో కూరలు తరుగుతూ ఫోన్లో వినేది. బతికుండగా ఆయన మాట ఇంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదు. "ఏమండీ, బెండకాయకి ఈ జిగురెందుకు?" అని అడిగితే, తరగతి ఆపి మరీ చెప్పేవారు.

వానలకు ముందు విశ్వవిద్యాలయం యంత్రం ఫోన్ చేసింది. "విపత్తు ప్రణాళిక రాస్తున్నాం. తుఫానొచ్చి అన్నీ పోతే, మీవారిని ఎన్నో వరసలో తిరిగి తెమ్మంటారు?"

"మొదటి వరసలోనే" అనబోయింది హైమవతి. అలా నోరు తెరిచి అడిగితే ఏం బాగుంటుంది?

"మాదేముంది లెండి, అందరివీ అయ్యాక చూడండి."

యంత్రం రెండోసారి అడగలేదు.

తుఫాను రానే వచ్చింది, కంప్యూటర్లన్నీ పాడయ్యాయి. మార్కులు, జీతాలు, ఆఖరికి హాస్టల్ టిఫిన్ల పట్టిక కూడా తిరిగొచ్చాయి. చివరి వరసకి వచ్చేసరికి నకళ్లు దాచిన గదిలోకి ఉప్పునీరు చేరింది. సోమయాజులు గారు రెండోసారి పోయారు.

ఆ మాట చెప్పడానికి కంప్యూటర్ల విభాగం నుంచి శర్వాణి ఇంటికొచ్చింది.

"చివర్న తెమ్మన్నది మీరేనటగా పిన్నిగారూ?"

"అన్నానమ్మా. వద్దన్నవాళ్ల విస్తట్లోనే ఇంకో గారె వెయ్యాలని ఆ యంత్రానికెవరూ నేర్పలేదూ?"

"మాకు తట్టలేదండీ," అంది శర్వాణి తలవంచుకుని.

"సర్లే, కాఫీ తాగుతావా?"

"వద్దండీ, ఇప్పుడే తాగొచ్చాను."

హైమవతి గ్లాసు నిండా తెచ్చి చేతిలో పెట్టింది. శర్వాణి చివరి చుక్కదాకా తాగింది.