చుక్కమ్మ కప్పిన దుప్పటి

కొండల్లో మంచు కరిగి పారే ఒక వాగులో చుక్కమ్మ అనే ట్రౌట్ చేప ఉండేది. చలికాలం మొదట్లో ఆమె తోకతో గులకరాళ్లు తవ్వి, ఆ గుంటలో గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పింది. తక్కిన తల్లులు అంతటితో దిగువ మడుగుకు తిండికి వెళ్లిపోయాయి. చుక్కమ్మకు మనసొప్పలేదు.

"ఇంత చలిలో పసివాళ్లు ఎలా ఉంటారు?" అనుకుని, ఒడ్డు నుంచి మెత్తని బురద నోటితో తెచ్చి రాళ్ల సందులన్నీ పూడ్చింది.

అటుగా వచ్చిన ముసలి పీత అది చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమిటే పిల్లా ఈ పని?"

"చలి కదా అవ్వా! దుప్పటి కప్పాను."

"దుప్పటా! సందుల్లోంచి చల్లని నీళ్లు పారితేనే వాళ్లకు ఊపిరి. నిన్ను కూడా మీ అమ్మ రాళ్ల కిందే వదిలి వెళ్లింది. గడ్డకట్టుకుపోయావా?"

తోక గీరుకుపోతున్నా ఆగకుండా చుక్కమ్మ బురదంతా ఊడ్చేసింది. అప్పటికే ఆలస్యమైందేమోనన్న భయంతో దిగువ మడుగుకు వెళ్లినా ఆ చలికాలమంతా ఆమెకు తిండి సయించలేదు. రోజూ ఏటికి ఎదురీది వచ్చి రాళ్లను చూసి వెళ్లేది.

మంచు కరిగే రోజుల్లో, ఒక ఉదయం, రాళ్ల సందులోంచి బుల్లి తల ఒకటి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక బోలెడన్ని. గుడ్డులోంచి తెచ్చుకున్న తిండి మూట ఇంకా కాస్త వాటి పొట్టలకు వేలాడుతోంది. చుక్కమ్మ వాటికి అడ్డంగా నిలబడి, రెప్పలేని కళ్లతో చూస్తూ ఉండిపోయింది.

"ఎవరండీ మీరు? కాస్త పక్కకు జరగండి, మాకు నీళ్లు ఆడటం లేదు" అంది ముందున్న పిల్ల.

చుక్కమ్మ గబగబా జరిగింది. ఇన్నాళ్లకు ఆమెకు ఆకలేసింది.