పీత కదల్లేదు

"ఆపరేషన్ వద్దు డాక్టరమ్మా. ఇక నాకు నూకలు చెల్లినట్టే."

బట్టలు కుట్టి బతికే ఆ కుట్టుమిషను ఆవిడ గిరుక్కున తిరిగి, రిపోర్టు చేతపట్టుకుని బయటికి నడిచింది.

డాక్టరమ్మ నిట్టూర్చింది. బయట ఇంకా పాతికమంది ఉన్నారు. "కార్సినోమా ఇన్ సైటు. వారంలో ఆపరేషన్" అని రెండు ముక్కల్లో తేల్చేసింది తను. అంతకు మించి చెప్పే తీరికెక్కడిది?

పావుగంటకు కాఫీ కోసం బయటికొస్తే, ఆవిడ ఇంకా వరండా బెంచీ మీదే ఉంది. పక్కన ఒక పెద్దాయన రిపోర్టును కళ్లజోడుకి ఆనించుకుని చదువుతున్నాడు. రోజూ ఇక్కడ కూర్చుని రోగులకు రిపోర్టుల్లో మాటలు విడమర్చి చెబుతాడని ఆస్పత్రిలో అందరూ డిక్షనరీ తాత అనేది ఈయన్నే.

"కార్సినోమా, అంటే క్యాన్సరు, ఆ మాట పీతలోంచి పుట్టిందమ్మా. గ్రీకు వాళ్లది. మనం కర్కాటకం అంటాం చూడు, దానికి చుట్టం. గడ్డ చుట్టూ నరాలు పీత కాళ్లలా కనబడ్డాయని ఆనాటి వైద్యులు ఆ పేరు పెట్టారు."

ఆవిడ కళ్లొత్తుకుంది. "ఆ పీతే కదా బాబాయ్ నన్ను తినేసేది!"

"ఆగు తల్లీ, పక్కన ఇంకో మాటుంది. ఇన్ సైటు. ఇది లాటిన్. ఉన్నచోటే అని అర్థం. పీత ఇంకా కాలు కదపలేదన్నమాట. కదిలేలోపు తీసేద్దామంటున్నారు. అనుమానముంటే లోపలికెళ్లి డాక్టరమ్మనే అడుగు."

డాక్టరమ్మకు ఒళ్లు మండింది.

"మీరు డాక్టరా?"

"కాదమ్మా. గడియారాలు బాగుచేసేవాణ్ణి."

"అయితే ఆ పని చూసుకోండి. మళ్లీ ఈ ఛాయలకు రావద్దు."

ఆయన రిపోర్టు ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కుట్టుమిషను ఆవిడ మాత్రం మళ్లీ లోపలికొచ్చింది. ఆపరేషన్ సజావుగా జరిగింది.

కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన రోజున అటూ ఇటూ చూసింది.

"బాబాయ్ ఏరీ? ఆయన చెప్పకపోతే ఆ రోజే ఇంటికెళ్లి మంచమెక్కేదాన్ని."

డాక్టరమ్మ ఆవిడ వెళ్లాక రిజిస్టరు తెప్పించుకుంది. తాతను రావద్దన్నాక ఆపరేషన్ రాసిచ్చిన వాళ్లలో ముగ్గురు మళ్లీ ఆస్పత్రి గడప తొక్కలేదు.

హెడ్ నర్సును పిలిచింది.

"ఆ తాతగారిని ఒకసారి రమ్మనండి. నేను మాట్లాడాలి."

"పోయిన వారమే పోయారండీ. గుండెపోటు."

డాక్టరమ్మ రిజిస్టరు మూసింది.

"గడియారాలు బాగుచేసే మనిషికి గ్రీకూ లాటినూ ఎలా వచ్చాయి?"

"అరవై దాటాక, పాత పుస్తకాలు తెచ్చుకుని ఒక్కడే కూర్చుని నేర్చుకున్నారు."

"ఆ వయసులో అంత పట్టుదల దేనికి?"

నర్సు గొంతు తగ్గించింది.

"తొమ్మిదేళ్ల కిందట, రిపోర్టులో ముక్క అర్థంకాక, ఆపరేషన్ వద్దని సంతకం పెట్టి ఈ ఆస్పత్రి నుంచే బతకాల్సిన భార్యను ఇంటికి తీసుకెళ్లిపోయింది ఆయనేనండీ."