గోరంత దూరం

"ఏక్, దో, తీన్…" బడి వరండాలో ఇసుక మీద పేర్చిన నాపరాతి ముక్కల్ని సాహితి వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది. "ఇరవయ్యే ఉన్నాయి. ఆఫ్రికా పడమటి అంచు ఏదీ?"

ఎనిమిదో తరగతి పిల్లలంతా ఖాళీ చోటు వైపు చూశారు. అది అంజలి ముక్క.

దసరా సెలవులవగానే బేతంచెర్ల నుంచి పగిలిన బండ ఒకటి తెప్పించి, సాహితి దాన్ని ఇరవై ఒక్క ముక్కలు చేయించింది. పిల్లకొక ముక్క. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లాలి. పొద్దున్నే తెచ్చి, నిన్న ఇసుకలో గీసిన గీత కంటే గోరంత ఎడంగా పెట్టాలి. ఒకప్పుడు కలిసున్న ఖండాలు ఎలా విడిపోయాయో చెప్పే పాఠం అది. ఒకరి ముక్క ఇంకొకరు ముట్టుకోకూడదు. ఆ విషయంలో ఆమె మహా మొండి.

"మన దేశం దక్షిణాన్నుంచి ఇంత పైకి ఎందుకొచ్చింది?" అని ఒకరోజు అడిగితే హనుమేష్ ఠక్కున లేచాడు.

"ఆడ వానల్లేక సుగ్గికి వచ్చింటాది మేడమ్!"

అందరూ పగలబడి నవ్వారు, అంజలి తప్ప. ఈ కోసిగి వైపు సుగ్గి అంటే ఇంటికి తాళం వేసి గుంటూరు మిరప కోతలకు పోవడమే. అంజలి ఇంట్లో ఆ మాటలు అప్పటికే మొదలయ్యాయి.

ఇవాళ వరండాలోకి వచ్చిన హెడ్మాస్టర్ రామకృష్ణకు ఓపిక నశించింది.

"రెండు నెలలుగా ఒకటే పాఠమా మేడమ్? మీ సిలబస్ మాటేమిటి?"

"అది వెనకబడనివ్వను సార్. ఖండాలకు ఇరవై కోట్ల ఏళ్లు పట్టింది. నేను మార్చి దాకానే అడుగుతున్నా."

ఇంతలో అంజలి తల్లి ఉరుకుందమ్మ కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. కొంగులోంచి రాయి తీసింది.

"ఇది పెట్టుకో టీచరమ్మా. మద్యాన్నం లారీకి సుగ్గికి పోతాండాం. పాప కూడా వస్తాది."

"నాకొద్దమ్మా. రోజూ అంజలే పెట్టాలి."

"ఇంగో పిల్లకియ్యి."

"ఇవ్వను."

"ఏం, పరీచ్చలో వస్తాదా ఇది?"

సాహితి పిల్ల వైపు తిరిగింది. "అంజలీ, మీ అమ్మకు చూపించు" అంది.

అంజలి మోకాళ్ల మీద కూర్చుని ముక్కను దాని చోట పెట్టింది. అవతల దక్షిణ అమెరికా జానెడు దూరంలో ఉంది. అయినా ఆ రాతిలోని తెల్లచార సూటిగా ఈ రాతి చారకు ఎదురొచ్చింది.

"సూడు మా, ఎంత దూరం జరిగినా చార తప్పదు. మీరు పోయి రాండి. నేను అవ్వ కాడ ఉంటా."

ఉరుకుందమ్మ వంగి ఆ చారనే చూసింది. కళ్లు తుడుచుకుంది.

"సరే, గోరంత జరుపు. సూసి పోతా."

మధ్యాహ్నం లారీ అంజలి లేకుండానే కదిలింది. హెడ్మాస్టర్ హాజరు పట్టీ తిరగేసి ఆశ్చర్యపోయాడు.

"పోయినేడు ఈపాటికి తొమ్మిది మంది సుగ్గికి పోయారు. ఈసారి ఇరవై ఒక్కరూ ఉన్నారే!"

సాహితి చేతులకంటిన ఇసుక దులుపుకొని తన క్లాసుకు వెళ్లింది.

ఆమె హిందీ టీచరు.