బీరువా రిపోర్టు

"చూశావా, ఈసారీ సున్నానే! నాది ఉక్కు ఒళ్లోయ్!" ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే భర్త, రిపోర్టు ఊపుకుంటూ వచ్చాడు.

భార్య బీరువాలో చీరల మడతల మధ్య నుంచి చిన్న బ్యాడ్జీ తీసింది. "ఒంటికి తగిలిన కిరణాలను లెక్కపెట్టేది ఇదేగా? చొక్కాకు పెట్టుకోరా?"

"పారేసుకుంటే పెద్ద డాక్టరు తోలు తీస్తాడని దాచా. లెక్కకు పంపే రోజు పట్టుకెళ్తా."

"ఎన్నాళ్లుగా?"

"ఆరేళ్లుగా."

ఆమెకు నవ్వాగలేదు. "అయితే మన బీరువా ఆరోగ్యం భేషుగ్గా ఉందండీ!"

అతనూ నవ్వబోయి ఆగిపోయాడు. రోజుకు నలభై ఎక్స్‌రేలు, ఆరేళ్లు. రిపోర్టు మెల్లగా మడిచాడు.

ఆమె నవ్వూ ఆగింది. బ్యాడ్జీని అతని జేబుకు తగిలిస్తూ అంది:

"ఈసారి సున్నా రాకపోయినా సరే. మీ సంగతి తెలియాలి నాకు."