వచ్చే ఉగాది నుంచి

"ఇది కదా మల్లె అంటే," అన్నాడు ఎమ్మెల్యే, ప్లాస్టిక్ దండను ముక్కుకు ఆనించుకుని.

డెబోరాకు అసహ్యం వేసింది. ముఖంలో కనపడకుండా తల వంచుకుంది. తెల్లవారకముందే మైపాడు ఇసుక చేలో కోసి, తన చేత్తో కట్టి తెచ్చిన అసలు మల్లెల దండ ఆయన మెడలో నిమిషం కూడా నిలవలేదు. తీసి గన్‌మ్యాన్‌కి ఇస్తే, అతను దాన్ని తలుపు గొళ్ళేనికి తగిలించాడు.

"సార్, మీ చేతిలోది ప్లాస్టిక్‌ది," అన్నాడు పెంచలకృష్ణ వినయంగా. "సెంటు కొట్టి అమ్ముతా ఉండారు. మీకే తెలియకపోతే జనానికి ఏం తెలుస్తాది?"

పెంచలకృష్ణ పూల సంఘం అధ్యక్షుడు. నెల్లూరులో అతని పూల కొట్టుకే మైపాడు చుట్టుపక్కల పూలన్నీ వస్తాయి. ఆ ప్లాస్టిక్ దండను చూపించడానికని అతనే కవర్లో పెట్టుకొచ్చాడు.

ప్లాస్టిక్ నిషేధం మీద వేసిన శాసనసభ్యుల కమిటీలో ఈ ముక్కు పనిచేయని మహానుభావుడు కూడా ఒకడు. కవర్లు, గ్లాసులతో పాటు ప్లాస్టిక్ పూలను కూడా నిషేధంలో చేర్చాలి. అదీ శ్రావణం పెళ్ళిళ్ళ లోపలే అమల్లోకి రావాలి. వాళ్ళిద్దరూ వచ్చింది అందుకే. ఇలాంటి మనిషి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి రావడం ఖర్మే, కానీ వచ్చే వారం కమిటీలో కూర్చునేది ఆయనే.

ఎమ్మెల్యే జీడిపప్పు నములుతూ డెబోరాను ఎగాదిగా చూశాడు.

"ఏమ్మా, చర్చికి పోయే మనిషిలాగుండావు. తల్లో ఒక్క పువ్వు ల్యా. నీకెందుకమ్మా ఈ పూల గొడవ?"

"పెట్టుకునేదానికి గాదు సార్, బతికేదానికి," అంది డెబోరా. "ఎకరా నేలలో మల్లె ఏసుకోనుండా. నిరుడు పెళ్ళి మండపాలకంతా ఈ ప్లాస్టిక్కే కట్టినారు. మా పూలు అడిగినోడు ల్యా. ఈ శ్రావణం కూడా అట్నే పోతే చేను రొయ్యల గుంటలోళ్ళకు ఇచ్చేయాల్సిందే. ఉప్పునీళ్ళు ఒకసారి ఎక్కినాయంటే ఆ నేలలో ఇంక మల్లె చెట్టు బతకదు."

"రొయ్యలైతే మంచిదే గదమ్మా. తినేదానికన్నా ఉంటాయి."

గన్‌మ్యాన్ నవ్వాడు. అతని జీతంలో అది కూడా కలిసే ఉన్నట్టుంది.

ఎమ్మెల్యే చేతులు దులుపుకున్నాడు. "సరేలే, చేర్పిస్తా. నాదేం పోయింది. ఎప్పటినుంచి కావాల మీకు?"

"శ్రావణం లోపలే సార్," అంది డెబోరా ఆశగా.

పెంచలకృష్ణ దగ్గాడు. "అమ్మా, నువ్వు రవ్వంత బయట కూర్చో. సారుతో రెండు మాటలు మాట్లాడొస్తా."

అతని చెయ్యి చొక్కా జేబు మీదకు పోవడం డెబోరా చూసింది. అర్థమైంది. ఈ గదిలో ఉత్త దండంతో ఏ పనీ జరగదు. పాపం, తమ కోసం సొంత డబ్బు తీస్తున్నాడు. ఆమె వరండాలోకి వెళ్ళి, దేవుణ్ణి తలుచుకుంటూ బల్ల మీద కూర్చుంది.

కాసేపటికి పెంచలకృష్ణ ముఖం వేలాడేసుకుని బయటికొచ్చాడు.

"చేర్పిస్తాడంటమ్మా."

"మరి ముఖం అట్టా పెట్టినావేందన్నా?"

"అమలు మాత్రం వచ్చే ఉగాది నుంచంట."

డెబోరా బల్ల మీంచి లేచింది. "శ్రావణం పోయినాక ఎందుకన్నా అది? లోపల తీసుకున్నాడా ల్యా?"

"తీసుకోకుండా ఉంటాడా? తీసుకోనే చెప్పినాడు ఆ మాట."

కారులో బస్టాండు దాకా ఇద్దరూ ఎమ్మెల్యేను తిడుతూనే ఉన్నారు. సిగ్గులేని జన్మ అన్నాడు పెంచలకృష్ణ. మనిషి పుటకే కాదు అంది డెబోరా. ఆ తిట్లు కూడా ఆయనకు దండగ అనిపించి చివరికి ఊరుకుంది.

"కట్టంగా మిగిలిన మల్లెలు ఎనక సీట్లో బుట్టలో ఉండాయన్నా," అంది దిగేముందు. "సాయంత్రం బేరానికి పనికొస్తాయి. అందాకా నీ గోడౌన్లో పెడతావా?"

"అయ్యో, అది వట్టి రేకుల షెడ్డమ్మా. రోహిణీ కార్తె ఎండ. గంటలో ఉడికిపోతాయి. బుట్ట ఉండనీ, నేనే కొట్లో దించుకుంటాలే."

మైపాడు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. డెబోరా మెట్టు మీద ఆగింది.

"రొయ్యలోళ్ళు రేపటికి మాట చెప్పమన్నారన్నా. ఇంక సరేనంటా."

"ఏం చేస్తామమ్మా. ఇట్లాంటోళ్ళకు ఓట్లేసినాం, అనుభవించాల."

"నువ్వొక్కడివైనా మా కోసరం తిరగతా ఉండావు. అదే పదివేలు," అని చేతులు జోడించింది. కళ్ళు తుడుచుకుంటూ బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా పెంచలకృష్ణ అక్కడే నిలబడ్డాడు. తర్వాత కారు కొట్టుకు కాకుండా గోడౌన్‌కి తిప్పాడు. అక్కడికి చేరేసరికే వెనక సీట్లో డెబోరా మల్లెలు వాడి, అంచులు ఎర్రబారిపోయాయి. వాటివైపు చూడకుండానే దిగాడు.

షట్టర్ చెయ్యి పెట్టలేనంతగా కాలిపోతోంది. జేబురుమాలు అడ్డం పెట్టుకుని పైకి లేపాడు. లోపల తడి గోనెపట్టా లేదు, ఐసు లేదు, ఫ్యాను కూడా లేదు. నేల మీది నుంచి రేకుల దాకా మల్లెలు, బంతులు, గులాబీలు.

ఒక్క పువ్వూ వాడిపోలేదు.