మోకాలి మీద చెయ్యి

తెర మీద ముప్పాతిక దాకా బుద్ధిగా నడిచిన పచ్చ గీత అక్కడే ఆగిపోయింది. లాప్‌టాప్ ఒకసారి గుర్రుమని, సీడీని బయటికి ఉమ్మేసింది.

“మళ్లీ పోయింది!” అని తల పట్టుకున్నాడు గడియారాలాయన. ఊళ్లో ఆగిపోయిన వాచీలన్నిటినీ నడిపించే మనిషి ఇంట్లో ఒక్క సీడీ సరిగ్గా తిరగడం లేదు.

“ఇప్పుడెలా నాన్నా?” కూతురి గొంతులో అప్పుడే ఏడుపు జీర.

సాయంత్రం స్కూల్లో వార్షికోత్సవం. హాల్లో ఉన్న పాత ప్లేయరుకు సీడీ తప్ప మరొకటి ఎక్కదు. పాటను సీడీలోకి ఎక్కించి తేలేకపోతే ఆ పిల్ల డాన్సు లేనట్టే. “నీ బదులు పక్క సెక్షన్ వాళ్లను ఎక్కిస్తాను” అని టీచరు ముందే చెప్పేసింది. మూడు పాటల్లోంచి ముక్కలు కోసి, అతికించి, పాట తయారయ్యేసరికే మధ్యాహ్నం దాటింది.

“నేనున్నాగా, కంగారెందుకు?” అన్నాడు బావమరిది చొక్కా చేతులు మడుస్తూ. కంప్యూటర్ షాపులో పని కాబట్టి ఆ ఇంట్లో మిక్సీ చెడినా అతనికే కబురు. “నిన్న మా షాపులో ఏదో పాట పెట్టి చూస్తే శుభ్రంగా సీడీలోకి ఎక్కించింది బావా. డ్రైవ్‌లో ఏ లోపమూ లేదు.”

“అంటే లోపం నాలో ఉందంటావా?”

“అబ్బే, అంత మాట అంటానా!”

ఇవాళ షాపుకు సెలవైపోయింది గానీ, లేకపోతే లాప్‌టాప్ ఎత్తుకుని అక్కడికే పరుగెత్తేవాళ్లు. బావమరిది డ్రైవ్ లాగి, అందులోని చిన్న అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఇంకో సీడీ పెట్టాడు. భోజనాల బల్లకు అటు అతను, ఇటు గడియారాలాయన. ఇద్దరి కళ్లూ ఆ గీత మీదే.

“గోళ్లు కొరక్కండి. కాళ్లు ఊపకండి. వాడి నెత్తి మీద కూర్చోకండి,” అంది వంటింట్లోంచి భార్య. “వాడి పని వాణ్ణి చేసుకోనివ్వండి.”

“పిల్ల కోసం నా ప్రాణం కొట్టుకుంటుంటే నా గోళ్ల మీద పడ్డావా?”

ఆ మాట పూర్తయ్యేలోపే సీడీ బయటికొచ్చేసింది.

“స్పీడు ఎక్కువైందేమో. బాగా తగ్గించేస్తా,” అన్నాడు బావమరిది. “టైం పడుతుంది, కాస్త ఓపిక పట్టు బావా.”

గడియారాలాయన ఊపిరి బిగపట్టి ఓపిక పట్టాడు. చేతిలో పని ఉంటే పూటంతా ఉలక్కుండా పలక్కుండా కూర్చోగలడు గానీ, ఊరికే చూస్తూ కూర్చోమంటే ఆయనకు నరకం. గీత నత్తలా కదిలింది. సగమైనా కాకముందే లాప్‌టాప్ మళ్లీ సీడీని ఉమ్మేసింది. ఇంక మిగిలింది ఒక్కటే సీడీ.

పిల్ల ఏడ్చేసింది. కట్టుకున్న డాన్సు బట్టలతోనే గోడవారన చతికిలబడింది. గడియారాలాయన కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. నెల్లాళ్లుగా ఆ పిల్ల అద్దం ముందు ఎగురుతుంటే, వాచీల అద్దం కంటికి పెట్టుకునే ఓరగా చూసి మురిసిపోయిన తండ్రి ఆయన.

భార్య మంచినీళ్లు తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టి, ఎందుకో గ్లాసులో కదులుతున్న నీళ్ల వంక కాసేపు చూసింది.

“ఏవండీ, మీ చొక్కా ఇస్త్రీకిచ్చాం. వెళ్లి తెండి.”

“ఇలాంటప్పుడు ఇస్త్రీ ఏంటే?”

“ఇలాంటప్పుడే. వెళ్తారా, లేదా?”

ఆ గొంతు వచ్చాక వాదించి గెలిచిన రోజు ఆయనకు గుర్తులేదు. సణుక్కుంటూ వెళ్లాడు. మడత నలగకుండా చొక్కా పట్టుకుని తిరిగొచ్చేసరికి గుమ్మంలోనే కూతురు వచ్చి మీద పడింది.

“వచ్చేసింది నాన్నా! మొత్తం వచ్చేసింది! రెండుసార్లు విన్నాం!”

“ఏం చేశావురా?” అన్నాడు గడియారాలాయన బావమరిదిని కావలించుకుని.

“ఏముంది బావా, ఓసారి ఆపి మళ్లీ ఆన్ చేశా,” బావమరిది కాలరు సర్దుకున్నాడు. “మిషనుకైనా కాస్త విశ్రాంతి కావాలి కదా!”

భార్య మాత్రం కూతురికి జడ సరిచేస్తూ ముసిముసిగా నవ్వుకుంది.

సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. ప్లేయరు పెట్టడానికి మరో చోటు దొరక్క, ముందు వరసలో ఈ దంపతులు కూర్చున్న పొడుగాటి చెక్కబెంచీ చివరే పెట్టారు. సీడీ లోపలికెళ్లింది. పాట మొదలైంది. కూతురు స్టేజీ మీదకొచ్చింది.

గడియారాలాయన బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే భార్య చెయ్యి వచ్చి ఆయన మోకాలి మీద వాలింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. నలుగురిలో ఆవిడ ఆయన్ను తాకడం పెళ్లయిన కొత్తల్లో ఒక సినిమా హాల్లో జరిగింది. అదీ చీకట్లో. మళ్లీ ఇదే. చెయ్యి ఊరికే వాలలేదు, గట్టిగా పట్టుకుంది కూడా. ఆయన ఒళ్లు పులకరించింది.

పాట ఎక్కడా తడబడలేదు. కూతురు గిర్రున తిరిగినప్పుడు హాలంతా చప్పట్లు. గడియారాలాయన కళ్లు చెమ్మగిల్లాయి. ఇంతకన్నా మనిషికేం కావాలనిపించింది. భార్య వైపు వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

“పిల్లను చూసి నీకూ మనసాగలేదు కదూ? ఇన్నేళ్లకు నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చింది!”

ఆవిడ స్టేజీ మీంచి చూపు తిప్పకుండా ఆ మోకాలిని ఇంకాస్త అదిమిపట్టింది.

“పాట అయ్యేదాకా కదిలించారంటే ఊరుకోను. మధ్యాహ్నం సీడీలన్నీ పాడుచేసింది లాప్‌టాప్ కాదు, బల్ల కింద ఊగిన ఈ కాలే!”