వరండా వరకే

"మళ్ళీ నీళ్ళకేనా?" అన్నాడు టీ బాబాయ్.

సీసా నిండుగానే ఉంది. దర్జీ కూతురు సిగ్గుపడి బెంచీ మీద కూర్చుంది. పొద్దున్నుంచీ ఆసుపత్రి వరండాలో ఆమెది కాలుగాలిన పిల్లి వరస. తండ్రి ఉన్న గది తలుపు దాకా వెళ్ళడం, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి రావడం.

టీ బాబాయ్ ఆసుపత్రి ఉద్యోగి కాడు. ఏడాది చివరి సెలవులకు సిబ్బందిలో సగం మంది వెళ్ళిపోతే, రోగుల బంధువులకు తోడుగా ఉండడానికి వచ్చిన వాలంటీరు. మిగతా వాలంటీర్లు పిల్లల వార్డు కోరుకున్నారు. అతను మాత్రం ఆఖరి రోజుల్లో ఉన్న ముసలివాళ్ళ వార్డే అడిగి పుచ్చుకున్నాడు. ఫ్లాస్కులో టీ తెస్తాడు. పక్కన కూర్చుంటాడు. చెప్పింది వింటాడు. గదుల్లోకి మాత్రం వెళ్ళడు.

"నన్ను చూస్తే ఆయనకు కోపమొస్తుంది బాబాయ్. ఉన్న కాస్త ఊపిరీ..."

"అంత పని ఏం చేశావు?"

"కుట్టుమిషను ఎవరికో ఇచ్చేశాను. చూపు ఆనక వేలు కుట్టేసుకుంటున్నాడని. ఆయన్ని అడగనైనా లేదు. అప్పట్నుంచీ నాతో మాటల్లేవు. రెండేళ్ళు."

"డాక్టరేమన్నాడు?"

"సాయంత్రం దాటడం కష్టమన్నాడు."

అతను ఫ్లాస్కు మూత బిగించి పక్కన పెట్టాడు. తలుపు మూసి ఉన్నంతసేపూ లోపలి మనిషి కోపం పెరుగుతూనే ఉంటుంది. దాన్ని పెంచేది బయట నిలబడ్డవాళ్ళే.

"మాటలు కూడబలుక్కోకమ్మా. వెళ్ళి, నాన్నా అను. తిడితే తిట్టనీ. తిట్టడానికైనా ఎదురుగా మనిషుండాలిగా."

ఆమె లేచింది. ఈసారి వెనక్కి రాలేదు.

మందుల ట్రే పట్టుకుని నర్సు వచ్చింది. "బాబాయ్, ఆ చివరి గది పెద్దాయన కోసం ఎవరూ రావట్లేదు. మీరైనా కాసేపు కూర్చోకూడదూ?"

"నా డ్యూటీ వరండా వరకేనమ్మా."

"అబ్బో, జీతం తీసుకునే మాకే లేవు ఇన్ని రూల్సు," అని ఆమె వెళ్ళిపోయింది.

చాలాసేపటికి దర్జీ కూతురు బయటికొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"మాట్లాడాడా?"

"నా చెయ్యి పట్టుకుని జాకెట్టు చేతి కుట్టు తడిమి చూశాడు బాబాయ్. 'ఏ గాడిద కుట్టాడే ఇది' అన్నాడు." నవ్వబోయి ఏడ్చేసింది.

"కోప్పడ్డాడన్నమాట."

"బాగా."

"తర్వాత? చెయ్యి వదిలేశాడా?"

"లేదు. పట్టుకునే నిద్రపోయాడు. తమ్ముడికి ఫోన్ చెయ్యాలని నేనే మెల్లగా విడిపించుకొచ్చాను. మీ మేలు ఈ జన్మకి..."

"అది కాదు," అన్నాడతను. "అంత కోపంలోనూ చెయ్యి వదల్లేదు కదూ?"

"వదల్లేదు బాబాయ్."

ఆమె ఫోన్ చేసి మళ్ళీ లోపలికెళ్ళింది. అతను ఫ్లాస్కు బెంచీ మీదే వదిలేసి వరండా చివరికి నడిచాడు.

"రూలు మారిందా బాబాయ్?" అంది నర్సు.

అతను చెమట పట్టిన అరచేతులు చొక్కాకు తుడుచుకుని, తలుపు తోశాడు.

లోపల అతని తండ్రి మేలుకునే ఉన్నాడు.